నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి, ఆపిన చోటు నుంచే మళ్లీ నడిపించడం ఎలా?

మొన్న మే నెలలో, విజయవాడ ఎండలకు కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో, పటమటలోని మా ఇంట్లో 26 గంటలుగా నడుస్తున్న లెక్క ఒకటి ఒక్క దెబ్బకు పోయింది. గుంటూరు మిర్చి యార్డు పాత ధరల మీద మా తమ్ముడి కోసం నేను సి భాషలో రాసిన ప్రోగ్రామ్ అది. కరెంటు పోయాక యూపీఎస్ పావుగంట నిలబడింది కానీ, ప్రోగ్రామ్ మధ్యలో ఎక్కడా ఏమీ దాచుకోదు కాబట్టి ఆ పావుగంటా స్క్రీన్ చూస్తూ కూర్చోవడం తప్ప ఏం చేయలేకపోయాను. ఇప్పుడైతే ఆ పావుగంట చాలు. మీకూ ఆ టెన్షన్ ఉండకూడదని ఇది రాస్తున్నాను.

లైనక్స్‌లో దీనికి క్రియు అనే సాధనం ఉంది. పావెల్ ఎమెల్యానోవ్ 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. నడుస్తున్న ప్రాసెస్‌ను (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ను) ఆపి, దాని మెమరీ, రిజిస్టర్లు (ప్రాసెసర్‌లో అప్పటికి ఉన్న విలువలు), తెరిచిన ఫైళ్ల వివరాలు అన్నీ డిస్క్ మీద ఇమేజ్ ఫైళ్లుగా రాస్తుంది, తర్వాత వాటి నుంచే ప్రాసెస్‌ను మళ్లీ లేపుతుంది. అలా రాయడాన్ని డంప్ అని, లేపడాన్ని రిస్టోర్ అని అంటారు. మీ ప్రోగ్రామ్‌లో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు. సి నుంచి దీన్ని పిలవడానికి ఉన్న లైబ్రరీ పేరు లిబ్‌క్రియు.

అయితే లైబ్రరీ ఒక్కటే వేసుకుంటే సరిపోదు. లిబ్‌క్రియు మన కోరికను క్రియు ప్రోగ్రామ్‌కు అందిస్తుంది, అంతే, అసలు పని చేసేది ఆ ప్రోగ్రామే, కాబట్టి రెండూ ఉండాలి. మీ డిస్ట్రిబ్యూషన్‌లో ప్యాకేజీ దొరికితే సరే, లేకపోతే సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోండి. తర్వాత రూట్‌గా "క్రియు చెక్" కమాండ్ ఇచ్చి, మీ కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) దీనికి పనికొస్తుందో లేదో చూసుకోండి.

మొదటిసారే అసలు ప్రోగ్రామ్ మీద ప్రయోగం చేయకండి. సెకనుకో అంకె ప్రింట్ చేసే పది లైన్ల ప్రోగ్రామ్ రాసి, సెట్‌సిడ్ కమాండ్‌తో మొదలుపెట్టండి, ఇన్‌పుట్ డెవ్ నల్ (ఏమీ ఇవ్వని ఖాళీ ఫైల్) నుంచి, అవుట్‌పుట్ ఒక లాగ్ ఫైల్‌లోకి వెళ్లేలా. ఇలా టెర్మినల్ నుంచి విడదీస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. టెర్మినల్‌లోనే నడపాల్సి వస్తే డంప్‌లోనూ రిస్టోర్‌లోనూ రెండుచోట్లా లిబ్‌క్రియులోని క్రియు_సెట్_షెల్_జాబ్ ఫంక్షన్‌కు ట్రూ ఇవ్వాలి.

ఇక డంప్ చేయడానికి విడిగా రాసుకోవాల్సిన ప్రోగ్రామ్ సి కోడ్. హెడర్ క్రియు/క్రియు.హెచ్, లింక్ చేసేటప్పుడు -ఎల్‌క్రియు. ముందు క్రియు_ఇనిట్_ఆప్ట్స్ పిలవండి. క్రియు_సెట్_సర్వీస్_బైనరీకి క్రియు ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇవ్వండి. ఇమేజ్‌ల కోసం ముందే ఒక డైరెక్టరీ చేసి, దాన్ని ఓపెన్‌తో తెరిచి, అప్పుడు వచ్చే డిస్క్రిప్టర్‌ను (తెరిచినదానికి సిస్టమ్ ఇచ్చే నంబర్) క్రియు_సెట్_ఇమేజెస్_డిర్_ఎఫ్‌డీకి అందించండి. పాత్ కాదు, డిస్క్రిప్టర్ ఇవ్వాలి, నేను ఇక్కడే ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ఆ తర్వాత క్రియు_సెట్_పిడ్ (పిడ్ అంటే ప్రాసెస్‌కు సిస్టమ్ ఇచ్చే నంబర్), క్రియు_సెట్_లాగ్_ఫైల్, లాగ్ లెవెల్ 4, చివరికి క్రియు_డంప్. సున్నా వస్తే పని అయినట్టు, మైనస్ అంకె వస్తే లాగ్ తెరిచి చూడాలి. డంప్ అయ్యాక ప్రాసెస్ ఆగిపోతుంది, ఆగకూడదనుకుంటే క్రియు_సెట్_లీవ్_రన్నింగ్‌కు ట్రూ ఇవ్వండి.

రిస్టోర్‌కు అదే ఇనిట్, అదే బైనరీ, అదే డైరెక్టరీ, ఆ తర్వాత క్రియు_రిస్టోర్. జయమైతే పిడ్ తిరిగి వస్తుంది. నా లాగ్‌లో చివరి అంకె 57, రిస్టోర్ చేసిన కాసేపటికి దాని కిందే 58 పడింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అసలు చిక్కులన్నీ రిస్టోర్‌లోనే వస్తాయి, అందుకే డంప్ అయింది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఒకసారైనా లేపి చూడండి. ప్రాసెస్ పాత పిడ్‌తోనే లేవాలి. ఆ నంబర్ వేరే ప్రాసెస్ దగ్గర ఉంటే రిస్టోర్ ఫెయిల్ అవుతుంది, లీవ్ రన్నింగ్‌తో డంప్ తీసి ఉంటే ముందు పాతదాన్ని ఆపాలి. రీబూట్ తర్వాత ఈ గొడవ ఎక్కువ. విడిగా ఒక పిడ్ నేమ్‌స్పేస్‌లోనో (దాని పిడ్ నంబర్లు దానికే వేరుగా ఉంటాయి), కంటైనర్‌లోనో నడిపితే తప్పుతుంది, కంటైనర్లు నడిపే పాడ్‌మ్యాన్‌లోని చెక్‌పాయింట్ కమాండ్ కూడా లోపల క్రియునే వాడుతుంది.

రెండోది ఫైళ్లు. డంప్ అప్పుడు తెరిచి ఉన్న ఫైళ్లు అదే పాత్‌లో, అదే సైజులో ఉండాలి. లీవ్ రన్నింగ్‌తో తీసినప్పుడు ప్రోగ్రామ్ ముందుకు నడుస్తూ లాగ్‌ను పెంచేస్తుంది, అప్పుడు రిస్టోర్ లాగ్‌లో "బ్యాడ్ సైజ్" అని, పక్కనే ఎంత ఉండాలో కూడా పడుతుంది. లాగ్ ఫైల్‌కు ఒక కాపీ తీసుకుని, ట్రంకేట్ కమాండ్‌తో ఆ సైజుకు కత్తిరించండి, పోయిన లైన్లను ప్రోగ్రామ్ ఎలాగూ మళ్లీ రాస్తుంది. డంప్‌కూ రిస్టోర్‌కూ మధ్య సిస్టమ్ అప్‌డేట్ మాత్రం చేయకండి, ప్రోగ్రామ్ వాడుతున్న లైబ్రరీ ఫైలు మారితే అది లేవదు.

ఇమేజ్‌లు టెంప్ డైరెక్టరీలో పెట్టకండి, రీబూట్‌కు తుడిచిపెట్టుకుపోవచ్చు. ప్రోగ్రామ్ మెమరీ అంతా అందులోకి వస్తుంది కాబట్టి డిస్క్‌లో అంత ఖాళీ ఉంచండి. పాస్‌వర్డ్‌లు ఉన్నా అవీ వచ్చేస్తాయి, అందుకే డైరెక్టరీకి 700 పర్మిషన్ (యజమాని తప్ప మామూలుగా ఇంకెవరూ తెరవలేరు) పెట్టండి. టీసీపీ (నెట్‌వర్క్) కనెక్షన్ తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌కు క్రియు_సెట్_టీసీపీ_ఎస్టాబ్లిష్డ్ కూడా కావాలి. విండోలు తెరిచే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ల మీద మాత్రం దీన్ని నమ్ముకోకండి.

ఇప్పుడు మా ఇంట్లో యూపీఎస్ బీప్ కొట్టగానే డంప్ ప్రోగ్రామ్ నడిపిస్తాను. మా తమ్ముడి లెక్క ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగి, మూడో రోజు సాయంత్రానికి పూర్తయింది.