ఇంటి దగ్గర కారు పని – 7వ పాఠం: విరిగిన వీల్ స్టడ్ మార్చడం

వీల్ స్టడ్ అంటే చక్రం నట్టు ఎక్కే మర కడ్డీ, చక్రం కూర్చునే హబ్బు అనే మధ్య భాగంలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పోయిన పాఠంలో జాకీ ఎక్కడ పెట్టాలి, స్టాండ్ ఎందుకు పెట్టాలి అన్నది చూశాం. అది బాగా చేతికొచ్చాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఈసారి చేతులూ తలా చక్రం వెనక్కి వెళ్తాయి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఈ పని చెయ్యకూడదు.

మొన్న వానల్లో మా చిన్నమామయ్య గుణుపురం నుంచి ఒడిశాలోని మా రాయగడ వచ్చారు. ముందు చక్రంలో గాలి తగ్గిందని మా ఇంటి ముందే స్టెప్నీ వేద్దామని కూర్చున్నాం. మూడు నట్లు వచ్చాయి. నాలుగోది సగం తిరిగి బిగుసుకుపోయింది. పానా మీద ఇంకాస్త బలం వేశానో లేదో టప్‌మని చప్పుడైంది, నట్టుతో పాటు స్టడ్ ముక్క కూడా ఊడి చేతిలోకి వచ్చింది. "పాత బండి కదరా, ఇనుము అరిగిపోయుంటుంది" అన్నారు మామయ్య. అరగడం కాదు. కొన్నాళ్ల క్రితం ఎక్కడో పంక్చర్ వేయించినప్పుడు ఎయిర్ గన్‌తో బిగించి, అది చాలదన్నట్టు పానా మీదకెక్కి తొక్కారట. స్టడ్ దెబ్బతిన్నది ఆ రోజే, విరగడం మాత్రం మా ఇంటి ముందు విరిగింది.

ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే స్టడ్ మీద పడే బిగింపు దాదాపు 200 న్యూటన్ మీటర్లు (బిగింపు బలాన్ని కొలిచే లెక్క ఇది). చిన్న కార్లకు కంపెనీ పుస్తకంలో ఉండేది చాలావరకు 85 నుంచి 110 మధ్యలో. అంటే మనం "గట్టిగా" అనుకుని చేసేది అవసరమైనదానికి రెట్టింపు. నట్టు బిగించినప్పుడు స్టడ్ రబ్బరులాగా కొద్దిగా సాగుతుంది, వెనక్కి ముడుచుకోవాలని చూసే ఆ లాగుడే చక్రాన్ని హబ్బుకి అదిమి పట్టుకుంటుంది. హద్దు దాటి సాగదీస్తే ఇక ముడుచుకోదు, మరలు కూడా సాగిపోయి నట్టు పట్టేస్తుంది. ఎక్కువ బిగిస్తే ఎక్కువ భద్రం అనే నమ్మకం మన వైపు చాలామందికి ఉంది, కొరాపుట్ ఘాట్ ఎక్కే ముందు మళ్లీ ఒకసారి తొక్కి మరీ బయల్దేరతారు. ఆ అలవాటు మానండి, దయచేసి.

విరిగిన ముక్కను పారెయ్యకండి, వెలుతురులో పట్టుకుని విరిగిన చోట చూడండి. అంతా ఒకేలా బరకగా, మెరుస్తూ, కాస్త మెలితిరిగినట్టు ఉంటే అతిగా బిగించడం వల్ల పోయిందని అర్థం. అలా కాకుండా ఒక పక్క నున్నగా, ఇసుకలో అలలు వెనక్కి వెళ్లినప్పుడు మిగిలే గీతల్లాంటివి కనబడి, మిగతా కొంచెం మాత్రమే బరకగా ఉంటే అది నెమ్మదిగా చీలుతూ వచ్చింది, అంటే నట్లు వదులుగా ఉండి చక్రం చాలాకాలం ఊగింది. అప్పుడు చక్రం రిమ్ములో నట్టు కూర్చునే రంధ్రాలు కూడా చూడాలి. గుండ్రంగా లేకుండా సాగి ఉంటే ఆ రిమ్ము ఇక పనికిరాదు.

ఇప్పుడు కొత్తది తేవాలి. ఇక్కడి షాపుల్లో స్టడ్ అంటే ఒక్కోసారి వేరేది ఇస్తారు, ఒడియాలో "చక బోల్టు" అనండి, పాత ముక్క చేతిలో పెట్టి చూపించండి. మారుతి చిన్న కార్లకు 12 మిల్లీమీటర్ల స్టడ్, ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, హోండా, టయోటా కార్లకు ఎక్కువగా 12, 1.5. ఈ రెండూ చూపుకి ఒకటే, కానీ ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే రెండూ పోతాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు అసలు స్టడ్లే ఉండవు, బోల్టు నేరుగా హబ్బులోకి వెళ్తుంది, వాళ్లకి ఈ పాఠంతో పని లేదు. అందరూ మర్చిపోయే కొలత ఇంకొకటుంది. స్టడ్ తలకి దగ్గరగా నిలువు గీతల పట్టీ ఉంటుంది, హబ్బు రంధ్రంలో కరిచి పట్టుకునేది అదే. దాని మందం వెర్నియర్‌తో (సన్న మందాలు కొలిచే స్కేలు) కొలవండి. అక్కడ తేడా ఉంటే స్టడ్ లోపల తిరుగుతుంది, లేదా అసలు దిగదు. పొడవు కూడా సరిపోల్చుకోండి. నట్టు కూడా కొత్తది కొనండి, బాగున్న పాత నట్లలో ఒకదానితో వేరే పని ఉంది.

పనిలోకి వద్దాం. ముందు చక్రం కాబట్టి హ్యాండ్ బ్రేక్ లాగండి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. బండి నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రం తియ్యండి. తీసిన చక్రాన్ని బండి కిందకి నెట్టండి, స్టాండ్ జారినా బండి దాని మీద ఆగుతుంది. తర్వాత బ్రేక్ కాలిపర్ (చక్రంతో తిరిగే బ్రేకు పళ్లెం, అంటే డిస్కుని, రెండు వైపులా నొక్కి పట్టే భాగం) బ్రాకెట్ వెనక రెండు బోల్టులు విప్పి కాలిపర్‌ను పక్కకి తియ్యాలి. దాన్ని బ్రేకు నూనె గొట్టానికి వేలాడనివ్వద్దు. స్ప్రింగుకి బైండింగ్ వైరుతో కట్టండి. ఆ రబ్బరు గొట్టం లోపల నలిగితే పైకి ఏమీ కనబడదు, బ్రేకు మాత్రం సరిగా పడదు. డిస్కు తుప్పుతో అతుక్కుని ఉంటే చాలా కార్లలో డిస్కు మీదే రెండు చిన్న మర రంధ్రాలుంటాయి, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు సమానంగా బిగిస్తూ పోతే డిస్కే బయటికి నెట్టుకొస్తుంది.

హబ్బు బయటపడింది. మిగిలిన స్టడ్ ముక్కని ముందు వైపు నుంచి వెనక్కి తొయ్యాలి. తోసే ముందు హబ్బుని చేత్తో తిప్పుతూ వెనక ఎక్కడ ఖాళీ ఉందో చూడండి, స్టడ్ తల జారడానికి చాలా కార్లలో ఒక్క చోటే వీలుంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. సుత్తితో బాదితే వచ్చేస్తుంది, నిజమే, కానీ ఆ దెబ్బలన్నీ హబ్బు బేరింగు గుండ్ల మీద పడతాయి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత గుయ్‌మని మోత మొదలవుతుంది. పక్కనే చక్రం వేగం చూసే ఏబీఎస్ సెన్సార్ కూడా ఉండొచ్చు. అందుకే నేను బాల్ జాయింట్ తీసే ప్రెస్ (మర తిప్పి నొక్కి తోసే సాధనం) వాడతాను, గట్టి సి-క్లాంపు అయినా సరే. మామయ్య బండికి క్లాంపు రెండు తిప్పులు బిగించగానే టక్‌మని జారింది, సుత్తి ముట్టుకోలేదు.

ఒకవేళ వెనక ఏ కోణంలోనూ ఖాళీ లేకపోతే ఆపెయ్యండి. హబ్బు ఊడదీసి ప్రెస్ ఉన్న షాపులో చేయించుకోవాలి. వెల్డింగ్ పెట్టి అతికిద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి ఆ ఉక్కు గట్టిదనం పోతుంది, ఘాట్ దిగేటప్పుడు బరువంతా దాని మీదే పడుతుంది.

కొత్త స్టడ్ వెనక నుంచి పెట్టి, వీలైతే పాత గీతల్లోకి కుదిరేలా తిప్పి చూడండి. ఇప్పుడు ముందు వైపు నాలుగైదు గట్టి వాషర్లు దొంతరగా వేసి, వాటి మధ్య మాత్రమే గ్రీజు రాయండి. పట్టేయని పాత నట్టు ఒకటి తిరగేసి, చదును వైపు వాషర్లకు ఆనేలా, చేతి పానాతో నెమ్మదిగా బిగించుకుంటూ పోండి. నట్టు తిరిగిన కొద్దీ స్టడ్ లోపలికి వస్తుంది. మొదట బిగువుగా, ఒకేలా వస్తుంది. తల హబ్బుకి ఆనగానే చేతికి గోడ తగిలినట్టు తెలుస్తుంది, అక్కడ ఆపాలి. వెనక టార్చి వేసి చూడండి, తలకీ హబ్బుకీ మధ్య వెలుతురు దూరకూడదు. బిగిస్తుంటే స్టడ్ కూడా కలిసి తిరిగిపోతుంటే హబ్బు రంధ్రం అరిగిపోయిందన్నమాట, హబ్బే మార్చాలి.

డిస్కు వేసి, కాలిపర్ బోల్టులు పుస్తకంలో ఉన్న బిగింపుకి బిగించండి. చక్రం పెట్టే ముందు స్టడ్ల మరలు పొడిగుడ్డతో తుడవండి. నూనె గానీ గ్రీజు గానీ అక్కడ ఉండకూడదు, రాపిడి తగ్గి అదే బిగింపుకి స్టడ్ ఎక్కువ సాగిపోతుంది. నట్లు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, బండి దించాక చివరి బిగింపు.

టార్క్ పానా (బిగింపు ఎంతో చూపించే పానా) లేకపోతే ఇలా చెయ్యండి. అర మీటరు పొడవున్న పానా, చివర కొక్కెంతో వేలాడే సామాను తూకం యంత్రం. పానాకి లంబంగా తూకాన్ని లాగండి. 17 కిలోలు దాటి కాస్త వస్తే 85 న్యూటన్ మీటర్లు, 20 దాటి కాస్త వస్తే 100. పొడవు నట్టు మధ్య నుంచి కొక్కెం దాకా కొలవాలి, లాగడం నిదానంగా ఉండాలి. మొదటిసారి చేసినప్పుడు "ఇంతేనా?" అనిపిస్తుంది, అంత తేలిక. మామయ్య కూడా లాగి చూసి ఇంకోసారి లాగబోతే ఆపాను.

కదిలే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఒక స్టడ్ విరిగిందంటే పక్కవి కూడా అంతే బాధ పడి ఉంటాయి, కాబట్టి వాటికి నట్టు చేత్తో సాఫీగా తిరుగుతుందో లేదో చూడండి. రెండు విరిగితే ఆ చక్రానికి అన్నీ మార్చండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చల్లబడిన చక్రం మీద మళ్లీ ఒకసారి అదే తూకంతో చూడాలి. మామయ్య గుణుపురం వెళ్లిన మర్నాడు పొద్దున చూసుకున్నారు, కొత్త స్టడ్ నట్టు ఒక్కటి పావు తిప్పు తిరిగింది, మిగతావి కదల్లేదు. కొత్తది కూర్చునేటప్పుడు అలా కొంచెం సర్దుకోవడం మామూలే. రెండోసారి చూసినప్పుడు కూడా తిరిగితే మాత్రం చక్రం తీసి స్టడ్ తల వెనక మళ్లీ చూడాలి.

వచ్చే పాఠం వెనక చక్రం. అక్కడ హ్యాండ్ బ్రేక్ వదిలేసి పని చెయ్యాలి, గేరులో పెట్టి ముందు చక్రాలకు అడ్డం వెయ్యాలి. కొన్ని కార్లలో డ్రమ్మూ హబ్బూ బేరింగూ ఒక్కటే ముక్కగా ఉంటాయి. మీ బండిలో వెనక చక్రం మధ్య చిన్న మూత ఉందేమో చూసి పెట్టుకోండి.