గోవా సూర్యాస్తమయానికి ట్యాంక్‌బండ్ మీద రిహార్సల్

విశాఖలో సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి సూర్యుడు నీళ్లలో మునగడం చూడాలంటే గోవా, గోకర్ణ వైపు వెళ్లాల్సిందే. వెళ్లేముందు ట్యాంక్‌బండ్ మీద ఓ సాయంత్రం ఫొటోలు తీసి చేయి అలవాటు చేసుకోండి. అక్కడ పడమటికి తిరిగితే హుస్సేన్‌సాగర్ నీళ్లు, బుద్ధుడి నీడ, రెండూ దొరుకుతాయి. నవంబరు చివర్లో 5:40కే పొద్దు గూకుతుంది, జులై మొదట్లో దాదాపు 6:55.

ఫొటోలో ఆకాశం తెల్లగా మాడిపోవడమే అసలు గొడవ. ఫోన్ నల్లటి నీళ్లను చూసి వెలుగు పెంచేస్తుంది. సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. కెమెరా అయితే ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే తీరు) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8. వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలితే నారింజ రంగు చప్పబడుతుంది, ‘క్లౌడీ’ పెట్టండి. గ్రిడ్ (తెర మీద అడ్డం, నిలువు గీతలు) ఆన్ చేయండి, నీటిగీత ఒరిగితే చెరువు ఒలికిపోతున్నట్టుంటుంది! సూర్యుడు దిగాక కూడా ఇరవై నిమిషాలు ఆగండి, మబ్బులుంటే రంగులు అప్పుడే తేలతాయి.

అభిప్రాయం అడిగేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే ఫైల్ నలిగిపోయి, సెట్టింగుల వివరాలూ పోతాయి. (డాక్యుమెంట్‌గా పంపితే ఫొటోలో ఉన్న లొకేషన్ కూడా అవతలివాళ్లకు చేరుతుంది, చూసుకోండి.) ‘ఎలా ఉంది?’ అంటే ‘సూపర్’ అనే వస్తుంది. ‘నీటిగీత కిందికి జరపాలా?’ అని అడగండి.