ఘాట్ దిగాక బ్రేకు తేడా చేస్తోందా? ప్యాడ్లు, లైనర్లు కొనేముందు చూసుకోవాల్సినవి

ఒడిశా కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో జాతీయ రహదారి 26 పక్కన మా షెడ్డు. వచ్చేవాటిలో ఎక్కువ ఇన్నోవాలు, బొలెరోలు, ఎర్టిగాలు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పెళ్ళికి విజయనగరం, ఆస్పత్రికి విశాఖ, మజ్జిగౌరమ్మ దర్శనానికి రాయగడ తిరిగే బండ్లు. ఎవరొచ్చినా మొదటి మాట ఒక్కటే.

"మేస్త్రి గారూ, బ్రేకు సరిగా పడట్లేదు. ప్యాడ్లు మార్చేయండి, రేపు పొద్దున్నే అమ్మని విశాఖ తీసుకెళ్ళాలి."

"ముందు చక్రం విప్పి చూడనివ్వండి బాబూ. ప్యాడ్ల సంగతి తర్వాత."

ఈ జవాబు చాలామందికి నచ్చదు. కానీ జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట అయితే డబ్బు పోవడమే కాదు, బాగు చేయించామన్న ధైర్యంతో ఘాట్ దిగుతారు. నాకు భయం అక్కడే.

కొరాపుట్ సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనే ఉంది, సాలూరు మైదానంలో ఉంది. పొట్టంగి, సుంకి మీదుగా ఆ కిందికి చేరేసరికి బండి సుమారు 700 మీటర్లు దిగుతుంది. ఎనిమిదిమందితో, సామానుతో ఇన్నోవా బరువు 2,200 కిలోలు అనుకోండి. ఆ దిగుడంతా బ్రేకుల మీదే ఆపుకుంటూ వస్తే పుట్టే వేడితో 45 లీటర్ల చన్నీళ్ళు మరిగించవచ్చు. మైదానంలో ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన సామాను ఇక్కడ ఒక్క రోజులో చేతులెత్తేసేది అందుకే.

పెడల్ మెత్తగా లోపలికి పోతోంది

ఇది మూడు రకాలు. మూడింటికీ కారణాలు వేరు.

ఘాట్ దిగేటప్పుడే మెత్తబడి, కింద అరగంట ఆగాక మామూలుగా అయిపోతే తప్పు బ్రేక్ ఆయిల్‌ది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. మా వైపు వానల్లో ఇంకా ఎక్కువ. నీరు చేరిన కొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) దగ్గర ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ని నొక్కితే అది కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే కాలు లోపలికి పోతుంది, బండి ఆగదు. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది కాబట్టి షెడ్డుకి తెచ్చేసరికి అంతా బాగానే కనిపిస్తుంది. "ఏమీ లేదు, మీ అనుమానం" అని పంపేసే మేస్త్రీలు ఉన్నారు. అది అనుమానం కాదు.

దీనికి ప్యాడ్లు మార్చి లాభం లేదు. పాత ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది నింపి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయాలి. బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 4 పోయించుకోవచ్చు, ఘాట్ బండికి అదే మంచిది. డాట్ 4 అని ఉన్నదానికి మాత్రం డాట్ 3 పోయకండి. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు, దాని జోలికి పోవద్దు. సీలు విప్పి నెలల తరబడి అలమరలో ఉన్న సగం డబ్బా చవగ్గా ఇస్తామన్నా వద్దు, అది అక్కడే తేమ తాగేసింది. రెండేళ్ళకోసారి మార్చాలని చాలా కంపెనీలు చెబుతాయి. వారం వారం ఘాట్ దిగే బండికి నేను ఏడాదికే మారుస్తాను. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని బండ్లలో గాలి పూర్తిగా పోవాలంటే స్కానర్ పెట్టాలి, ఆ పరికరం ఉన్నచోటే చేయించండి.

చల్లగా ఉన్నా పెడల్ మెత్తగానే ఉండి, రెండు మూడుసార్లు కొడితే పైకి వస్తోందంటే ఎక్కడో గాలి చేరింది, లేదా వెనక డ్రమ్ముల్లో, లోపలి నుంచి డ్రమ్ముకి ఒత్తుకునే లైనర్లు బాగా అరిగి దూరం పెరిగింది. డ్రమ్ము విప్పి వీల్ సిలిండర్ (లైనర్లని తోసే చిన్న సిలిండర్) రబ్బరు తొడుగు కాస్త ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే కప్పులు (ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్ళు) పోయాయి.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి పెడల్ నొక్కి అలాగే అర నిమిషం పట్టుకోండి. బయట ఎక్కడా కారడం లేదు, కాలు మాత్రం నెమ్మదిగా దిగిపోతోందంటే పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పులు ఒత్తిడిని వదిలేస్తున్నాయి. లోపలి గోడకు గీతలు పడి ఉంటే కిట్ వేసినా ఎక్కువ రోజులు ఉండదు, మొత్తం సిలిండర్ మార్చడమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రేకు రబ్బర్లను డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో కడగకండి, మామూలు గ్రీజు రాయకండి, ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా తగలనివ్వకండి. ఆ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. కడగాలంటే బ్రేక్ ఆయిలే వాడాలి. కొత్త కప్పులు వేసిన నెలకే మళ్ళీ కారుతోందంటే నేను మొదట అడిగేది దేనితో కడిగారనే.

పెడల్ గట్టిగానే ఉంది, బండి ఆగట్లేదు

ముందు బూస్టర్ (కాలి నొక్కుడికి వాక్యూమ్‌తో బలం కలిపేది) చూడాలి. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు కొట్టండి, గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. కాలు కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే. దిగకపోతే వాక్యూమ్ రావట్లేదు. చాలా డీజిల్ బండ్లలో వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. పంపు, దాని పైపు, పైపులోని వాల్వు చూశాకే బూస్టర్ మీద చెయ్యి వేయాలి.

బూస్టర్ బాగుండి, దిగుడులో మాత్రమే ఇలా అవుతుంటే అప్పుడు తప్పు ప్యాడ్లది. ఇది నా మీదికే వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ళ క్రితం సొంత బొలెరోకి తక్కువ ధరకి వచ్చిన ప్యాడ్లు వేశాను. అట్ట మీద పేరు అందంగానే ఉంది. అమ్మ, మా ఆవిడ, పిల్లలు బండిలో ఉండగా సుంకి దాటాక కాలు రాయిని తొక్కినట్టు గట్టిగా ఉంది, బండి వేగం మాత్రం తగ్గట్లేదు. రెండో గేరు, తర్వాత మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు మట్టి కుప్పకి ఆనించి ఆపాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్మ చేతులు ఎంతోసేపు వణికాయి. ఇంటికొచ్చి విప్పి చూస్తే ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తోంది, ఒక మూల వెనక ఇనుప రేకు నుంచి ఊడి లేచింది. అంచు మీద ఏ కోడూ లేదు.

ఆ కోడ్ చూడటం అందరికీ తెలియాలి. మంచి ప్యాడ్ల అంచు మీదో వెనక రేకు మీదో వరుసగా అక్షరాలు, అంకెలు ఉంటాయి. చివర పక్కపక్కనే ఉండే రెండు ఇంగ్లీషు అక్షరాలు దాని పట్టు ఎంతో చెబుతాయి. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా కాగినప్పుడు. ఇంగ్లీషు 'E' (ఈ) అయితే పట్టు 0.25 నుంచి 0.35, ఎఫ్ అయితే 0.35 నుంచి 0.45, జీ అయితే 0.45 నుంచి 0.55. ఘాట్ మనిషి చూడాల్సింది రెండో అక్షరం. ఎఫ్ఈ అని ఉంటే చల్లగా బాగా పట్టి, కాగాక జారుతుందని అర్థం. ఎఫ్ఎఫ్ ఉంటే రెండింట్లోనూ ఒకే తరగతి. అలాగని బలమైనదేదో వేద్దామని ముందు చక్రాలకి మాత్రం జీజీ పెట్టకండి. ముందుకీ వెనక్కీ పొత్తు తప్పుతుంది. కంపెనీ వేసిన ప్యాడ్ మీద ఏ కోడ్ ఉందో అంతకు తగ్గకుండా తీసుకుంటే చాలు. కోడ్ ఒక్కటే నాణ్యత కాదు, కానీ అదీ లేని ప్యాడ్‌ని నేను ముట్టుకోను.

కొత్త ప్యాడ్‌కి రేకు కాకుండా మందం 10 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేస్తాను. పుస్తకంలో ఇంకా తక్కువ దాకా వాడవచ్చని రాసి ఉండవచ్చు, అది ఘాట్ దారిని చూసి రాసింది కాదు. పల్చటి ప్యాడ్ వేడిని ఆపలేక నేరుగా కాలిపర్ లోపలి పిస్టన్‌కీ ఆయిల్‌కీ పంపేస్తుంది.

బొలెరో వాళ్ళకి ఒక మాట. బరువు కోసం వెనక కమాన్ (స్ప్రింగు) పట్టీ అదనంగా వేయించారా? ఏబీఎస్ లేని పాత బండ్లలో చాలావాటికి వెనక యాక్సిల్ దగ్గర ఒక వాల్వు ఉంటుంది. బండి వెనక ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుకి అంత ఒత్తిడి ఇస్తుంది. పట్టీ వేశాక బండి కుంగదు. బరువు లేదనుకుని వాల్వు వెనక బ్రేకు తగ్గించేస్తుంది, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. ఎన్ని ప్యాడ్లు మార్చినా తొందరగా కాలిపోతుంటే ఆ వాల్వు కడ్డీని సరిచేయించండి.

బ్రేకు వేస్తే ఒక పక్కకి లాగుతోంది

టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో మొదట చూడండి. ఉంటే, కొంతదూరం నడిపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, ముట్టుకోకుండా. ఒక చక్రం మిగతావాటికంటే బాగా కాగితే అక్కడ కాలిపర్ పట్టేసింది. ఎర్రమట్టి బురదలో తిరిగే బండ్లకి కాలిపర్ పిన్నుల రబ్బరు చిరిగి, తుప్పు పట్టి, కదలడం మానేస్తాయి. ఒక ప్యాడ్ అరిగిపోయి, దాని ఎదుటిది కొత్తగానే ఉంటుంది. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాసి, కొత్త రబ్బర్లు వేస్తే సరిపోతుంది. పిన్నులు బాగుంటే కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే హోస్ పైపు చూడాలి. బయటికి బాగానే ఉండి లోపల ఉబ్బి, ఆయిల్‌ని వెళ్ళనిచ్చి వెనక్కి రానివ్వదు.

వెనక లాగుతుంటే డ్రమ్ము విప్పండి. ఇన్నోవా, బొలెరో లాంటివాటిలో యాక్సిల్ సీల్ పోతే యాక్సిల్ లోపలి ఆయిల్ లైనర్ల మీద పడుతుంది. ఆ లైనర్లని పెట్రోల్‌తో కడిగి, మంట మీద కాల్చి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. దయచేసి ఒప్పుకోకండి. లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కినప్పుడల్లా బయటికి వస్తుంది. సీల్ మార్చి, రెండు పక్కలా లైనర్లు మార్చాలి. ప్యాడ్లయినా లైనర్లయినా ఒక పక్కది మాత్రమే మార్చకూడదు, జత మార్చాల్సిందే.

స్టీరింగ్, పెడల్ వణుకుతున్నాయి

డిస్క్ వంగిందంటారు. చాలాసార్లు వంగదు. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది, లేదంటే డిస్క్‌కీ హబ్‌కీ (చక్రం బిగించే మధ్య భాగానికి) మధ్య తుప్పు చేరి అది నిటారుగా కూర్చోదు. ముందు హబ్ ముఖం గీకి శుభ్రం చేసి బిగించి చూడండి. లేత్ మీద తీయించాలంటే డిస్క్ మీద కొట్టి ఉన్న కనీస మందం చదవండి. తీశాక అంతకంటే తగ్గేలా ఉంటే కొత్తదే వేయాలి. పల్చబడ్డ డిస్క్ వేడిని మోయలేదు. డ్రమ్ముకైతే గరిష్ఠ వ్యాసం కొట్టి ఉంటుంది. చక్రం నట్లు ఎదురెదురుగా, సమానంగా బిగించకపోయినా ఈ వణుకు మళ్ళీ వస్తుంది.

కీచుమంటోంది, హ్యాండ్ బ్రేక్ పట్టట్లేదు

వాన రాత్రి తర్వాత పొద్దున్నే కాసేపు కీచుమని ఆగిపోతే అది తుప్పు పొర, టెన్షన్ పడక్కర్లేదు. రోజంతా అరుస్తుంటే ప్యాడ్‌కున్న రేకు నాలుక డిస్క్‌ని తాకుతోంది, మార్చే సమయం వచ్చింది. గరగరమంటే ఇనుము ఇనుముని తింటోంది, బండి అక్కడే ఆపేయండి. హ్యాండ్ బ్రేక్ చాలా పైకి వస్తుంటే కేబుల్ బిగించడం తర్వాత, ముందు డ్రమ్ములో లైనర్ల దూరం సరిచేయాలి. డ్రమ్ములో పేరుకున్న దుమ్ముని మాత్రం గాలితో ఊదొద్దు, తడిబట్టతో తుడవండి.

కొట్టుకి వెళ్ళినప్పుడు

మాకు సామాను జయపురంలో దొరక్కపోతే విజయనగరం నుంచో విశాఖ నుంచో బస్సు పార్సిల్‌లో రావాలి. తప్పు సరుకు వస్తే రెండు రోజులు పోతాయి. "ఇన్నోవాకి ప్యాడ్లు" అని అడిగితే చాలదు. 2005లో వచ్చిన ఇన్నోవా, 2016లో వచ్చిన క్రిస్టా ఒకటి కాదు. ఎర్టిగా కూడా 2018 చివర్లో పూర్తిగా మారింది. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం పంపండి. పాత ప్యాడ్‌ని రెండు పక్కలా ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది.

కంపెనీ సామాను గానీ, రానే, టీవీఎస్ గర్లింగ్ లాంటి పేరున్నవి గానీ బిల్లుతో తీసుకోండి. అట్ట మీద పార్ట్ నంబరు, ధర, తయారీ తేదీ, లోపలి ప్యాడ్ మీద నంబరు ఒకదానికొకటి సరిపోవాలి. అంచుల్లో పగుళ్ళు, రేకుకీ పదార్థానికీ మధ్య సందు ఉంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి.

బిగించిన తర్వాత

ప్యాడ్ల కోసం పిస్టన్ వెనక్కి నెడితే డబ్బాలో ఆయిల్ పైకొస్తుంది. పొర్లి పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది, చూసుకోండి. చక్రాలు బిగించాక బండి కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా కొట్టాలి. ఇది మరిచిపోయి షెడ్డు గోడని గుద్దిన బండి నేను చూశాను.

కొత్త ప్యాడ్లతో నేరుగా ఘాట్ దిగకండి. ఖాళీ రోడ్డులో 50 కిలోమీటర్ల వేగం నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యలో కాస్త చల్లారనివ్వండి. తర్వాత 200 కిలోమీటర్ల దాకా బలంగా తొక్కొద్దు. విశాఖ ప్రయాణం రేపనగా ఈరోజు ప్యాడ్లు మార్చొద్దని అందరికీ చెప్పేది ఇందుకే, కనీసం వారం ముందు రండి.

మొదటిసారి దిగేటప్పుడు ఎక్కడానికి వేసే గేరులోనే దిగండి, న్యూట్రల్ వద్దు. సుంకి దగ్గర బండి ఆపి నాలుగు చక్రాల దగ్గరా వాసన చూడండి. ఒకచోట మాత్రమే కాలిన వాసన వస్తే పావుగంట చల్లారనిచ్చి, ఏ చక్రమో గుర్తుపెట్టుకుని, నాకో మీ దగ్గరి మేస్త్రికో ఆ చక్రం పేరు చెప్పండి.