లేజర్‌తో సైట్ తీయించుకోవాలా వద్దా: తేల్చుకోవడం ఎలా

లేజర్ కోసం వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోగానే ముందు చెప్పేది వాళ్ల పవర్. "మైనస్ అయిదండీ, చేయించుకోవచ్చా?" ఆపరేషన్‌కి ముందు పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుని కాబట్టి ఈ ప్రశ్న రోజూ వింటాను. పవర్ ఒక్కటీ చూసి దీనికి జవాబు చెప్పలేం. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, ఎంత మందం ఉంది, దాని ఆకారం ఎలా ఉంది, కంట్లో తడి నిలుస్తోందా, రోజంతా మీరు కళ్లతో చేసే పనేమిటి, ఇవన్నీ తేలాకే అవునో కాదో చెప్పగలం.

ఇంట్లోనే తేలిపోయేవి కొన్ని ఉన్నాయి. 18 నిండకుండా చేయరు. నిండినా, గడిచిన ఏడాదిలో పవర్ అర పాయింట్ కన్నా ఎక్కువ మారి ఉంటే ఆగాలి. అందుకే పాత చీటీలు వెతికి తీయండి. చీటీలు దొరక్కపోతే పాత కళ్లజోడు తెచ్చినా సరే, ఆ అద్దాల పవర్ మేము మెషిన్‌లో చూస్తాం. గర్భంతో ఉన్నా, బిడ్డకి పాలిస్తున్నా ఇప్పుడు వద్దు, ఆ రోజుల్లో పవర్ నిలకడగా ఉండదు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడుతున్నా, ల్యూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బులు ఉన్నా అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. లెన్సు కార్నియా ఆకారాన్ని కొంత మారుస్తుంది. పరీక్షకి ముందు సాఫ్ట్ లెన్సులైతే కనీసం రెండు వారాలు, గట్టి లెన్సులైతే నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మానేయాలి. ఒకబ్బాయి ముందురోజు సాయంత్రం దాకా గట్టి లెన్సులు పెట్టుకుని వచ్చాడు. కార్నియా మ్యాప్ చూస్తే జబ్బేమో అనిపించేంత వంకరగా ఉంది. లెన్సులు మాన్పించి కొన్ని వారాల తర్వాత మళ్లీ తీస్తే ఆ వంకర పోయింది, పవర్ కూడా వేరే వచ్చింది. మొదటి కొలతతోనే లేజర్ చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. లెన్సు తీసిన రోజే కొలతలు తీసుకుని, అదే రోజు ఆపరేషన్ తేదీ ఇస్తామనే చోట ఉండొద్దు. లేచి వచ్చేయండి.

ఇక లెక్క. దీన్ని మీరే వేసుకోవచ్చు. చాలామంది కార్నియా మధ్యలో 540 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే అర మిల్లీమీటర్ కన్నా కాస్త ఎక్కువ. లేజర్ పద్ధతుల్లో ఒకటైన లాసిక్‌లో పైనుంచి పల్చటి పొర ఒకటి వేరుచేసి పక్కకి తిప్పుతారు, దాన్నే ఫ్లాప్ అంటారు. అది సుమారు 110 మైక్రాన్లు. కింద మిగిలిన భాగంలో లేజర్ పవర్‌లో ఒక్కో పాయింట్‌కి దాదాపు 15 మైక్రాన్లు తీసేస్తుంది. ఎంత వెడల్పున చేస్తారన్నదాన్ని బట్టి అది కొంచెం అటూ ఇటూ అవుతుంది. మైనస్ అయిదుకి 75. 540లో 110, 75 తీసేస్తే 355 మిగిలింది, బాగుంది. అదే 490 మందం, మైనస్ ఎనిమిది పవర్ అనుకోండి. 110, 120 పోతే 260 మిగులుతుంది. కనీసం 250 ఉండాలన్న పాత నియమం ప్రకారం ఇదీ పాసే. కానీ 300 మిగలాలని పట్టుబట్టే సర్జన్లు ఉన్నారు, నేను వాళ్ల పక్షమే. ఈ 260 లెక్కని నా చెల్లెలు తెచ్చినా వద్దనే అంటాను. రేపు కొంచెం పవర్ తిరిగొస్తే మళ్లీ చేయడానికి అక్కడ చోటుండదు.

మందం సరిపోయినా ఆకారం బాగోకపోతే చేయకూడదు. కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు కెరటోకోనస్. మొదట్లో దాని సంగతి మనిషికి తెలియదు, మ్యాప్‌లో కింది భాగం ఎర్రగా, నారింజ రంగులో కనపడి పట్టిస్తుంది. కార్నియా వెనకవైపు కూడా చూపించే స్కాన్ చేశారా అని అడగండి, కొందరిలో తేడా ముందు అక్కడే బయటపడుతుంది. అలాంటి కంటికి లేజర్ చేస్తే ఉన్న చూపే దెబ్బతింటుంది. కళ్లు గట్టిగా నలిపే అలవాటున్నా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బున్నా దాచకండి. డాక్టర్ "మీకు చేయను" అంటే, చేస్తాననే ఇంకొకరి కోసం వెతక్కండి.

కన్ను పొడిబారడాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేను నారింజ రంగు డై ఒక చుక్క అంటించి, నీలం లైటు వేసి, రెప్ప వేయకుండా చూడమంటాను. కన్నంతా పచ్చగా మెరుస్తుంది. కాసేపటికి ఆ పచ్చదనంలో నల్లటి మచ్చలు విచ్చుకుంటాయి, తడి అక్కడ తెగిపోయిందన్నమాట. పది సెకన్ల లోపే తెగితే ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. లాసిక్‌లో కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి కాబట్టి మామూలు కళ్లకే కొన్ని నెలలు పొడిగా ఉంటుంది. ముందే పొడిగా ఉన్న కన్నయితే, రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లకి నరకమే.

ఏ పద్ధతి అన్నది దీని తర్వాతి మాట. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు, మూడు నాలుగు రోజులు నొప్పి, చూపు కుదుటపడటానికి వారాలు పడుతుంది. దెబ్బలు తగిలే ఆటలాడేవాళ్లకి అదే మేలు. స్మైల్‌లో చిన్న గాటులోంచి పల్చటి ముక్క బయటికి తీస్తారు. ఏదీ కుదరని పల్చటి కార్నియాలకి కంటి లోపల అమర్చే లెన్సు, ఐసీఎల్, ఉంది.

నలభైకి దగ్గరపడినవాళ్లు ఇవాళే ఒక పని చేయండి. కళ్లజోడు తీసి ఫోన్ దగ్గరగా పెట్టుకుని చదవండి. మైనస్ రెండో మూడో ఉన్నవాళ్లకి హాయిగా కనపడుతుంది. లేజర్‌తో దూరపు చూపు బాగుచేస్తే ఈ సుఖం పోతుంది, చత్వారం అద్దాలు వస్తాయి. పొద్దస్తమానం సూది పనో, లెక్కల పుస్తకాలో చూసేవాళ్లకి ఇది లాభమా నష్టమా అన్నది వాళ్లే తూచుకోవాలి. ఒక కన్ను దూరానికి, ఇంకోటి దగ్గరికి పెట్టే మోనోవిజన్ ఉంది గానీ, అది అందరికీ పడదు. ముందు కాంటాక్ట్ లెన్సులతో కొన్నాళ్లు అలా బతికి చూశాకే సరేననండి. రాత్రిళ్లు బండి నడిపేవాళ్లు, ఎదురొచ్చే లైట్ల చుట్టూ వలయాలు కనిపించే అవకాశం తమకెంత ఉందో సర్జన్‌ని అడగాలి.

పరీక్షల రోజు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తాం, కొన్ని గంటలు దగ్గరివి మసకేస్తాయి, తోడు ఎవరినైనా తెచ్చుకోండి. రెటీనా, అంటే కంటి వెనకుండే పొర, చూసేది అప్పుడే. మైనస్ ఎక్కువున్నవాళ్లకి అద్దాలు పోయినా రెటీనాకుండే ముప్పు పోదు, ఏటా చూపించుకోవాల్సిందే.

చేయించుకుంటే, ఆపరేషన్‌కి ముందున్న పవర్, కార్నియా వంపు, మందం కొలతలున్న కాగితాలు అడిగి తీసుకుని, ఫొటో తీసి మీ మెయిల్‌లో కూడా పెట్టుకోండి. లేజర్ తర్వాత కార్నియా పల్చబడుతుంది కాబట్టి కంటి ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) పరీక్షలో డాక్టర్‌కి ఈ సంగతి తెలియాలి. అరవైలో శుక్లాల ఆపరేషన్ అవసరమైనప్పుడు లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకీ ఈ కొలతలు బాగా అక్కరకొస్తాయి. అప్పటికి ఆ ఆసుపత్రిలో మీ ఫైలు ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి.