విదేశాల్లో హోటల్‌కి వెళ్తున్నారా? ఆర్డర్ ఇచ్చే ముందే ఇవి తెలుసుకోండి

నెల్లూరు మెస్‌లో భోజనానికి వెళ్తే ఖాళీ అయ్యేట్టున్న కుర్చీ వెనకాల నిలబడతాం, కూర్చోగానే మంచినీళ్లొస్తాయి, పప్పు, రసం, మజ్జిగ ఎన్నిసార్లు అడిగినా వడ్డిస్తారు, అన్నిటికీ కలిపి రేటు ఒకటే. ఒంగోలు, కావలి, కందుకూరు నుంచి పిల్లల దగ్గరికో టూర్ ప్యాకేజీలోనో బయల్దేరేవాళ్లం అందరం ఈ అలవాటుతోనే విమానం ఎక్కుతాం. అక్కడ రుచి కంటే ముందు లెక్కలు మారిపోతాయి.

ముందు కుర్చీ సంగతి. అమెరికాలో టేబుల్ ఖాళీగా కనిపించినా నేరుగా పోయి కూర్చోవద్దు, గుమ్మం దగ్గర ఆగి ఎంతమందో చెప్తే వాళ్లే తీసుకెళ్తారు. సింగపూర్ హాకర్ సెంటర్లలో (చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే చోట ఉండే హాళ్లు) ఎవరికి వారే కూర్చోవచ్చు గానీ, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే మాత్రం అది ఎవరో ఆపుకున్న చోటు. మనం ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేస్తామే, అదే పద్ధతి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి ర్యాక్‌లో పెట్టాలి. 2021 నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు, వినకపోతే జరిమానా కూడా ఉంది.

అడక్కుండా వచ్చిందల్లా ఉచితం అనుకోవద్దు. పోర్చుగల్‌లో కూర్చోగానే బ్రెడ్డు, ఆలివ్ కాయలు, చీజ్ తెచ్చి పెడతారు, ముట్టుకుంటే బిల్లులో పడుతుంది. వద్దంటే మారుమాట లేకుండా తీసుకెళ్లిపోతారు, మొహమాటపడాల్సిన పనే లేదు. ఇటలీలో అలా కుదరదు, చాలా చోట్ల 'కొపెర్తో' అని మనిషికింత వేస్తారు, బ్రెడ్డు తిన్నా తినకపోయినా కట్టాల్సిందే, మెనూలోనే రాసి ఉంటుంది కాబట్టి ముందే చూసుకోండి. జపాన్‌లో ఇజకాయాలకు, అంటే మందుతోపాటు తిండీ దొరికే చోట్లకు వెళ్తే, అడక్కుండానే మొదట చిన్న గిన్నెలో పెట్టే తినుబండారానికీ డబ్బులు తీసుకుంటారు. కొరియాలో మాత్రం మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, కిమ్చీ (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి), చిన్న చిన్న కూరలు అయిపోతే మళ్లీ అడగొచ్చు, మామూలుగా అదనపు డబ్బులు ఉండవు.

నీళ్లు. అమెరికాలో ఉచితమే, కానీ గ్లాసు నిండా ఐసు వేసి ఇస్తారు, గొంతు పట్టుకునేవాళ్లు 'నో ఐస్' అని ముందే చెప్పాలి. జర్మనీలో ఊరికే నీళ్లు అంటే సీసా వస్తుంది, చాలాసార్లు గ్యాస్ నీళ్లే, దానికి బిల్లు కూడా. ఫ్రాన్స్‌లో 'కరాఫ్ దో' అని అడగండి, కుళాయి నీళ్లు జగ్గుతో ఉచితంగా ఇస్తారు.

ఇక టిప్పు. మనవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. అమెరికాలో టేబుల్ దగ్గరికొచ్చి వడ్డించే హోటళ్లలో 18 నుంచి 20 శాతం ఇవ్వడం మామూలు. పది, ఇరవై రూపాయలు పెట్టి లేచొచ్చే మనకు అది దోపిడీలా అనిపిస్తుంది గానీ, టిప్పులొచ్చే సర్వర్లకు యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస కూలి గంటకు 2.13 డాలర్లే, అదీ 1991 నుంచి మారలేదు (చాలా రాష్ట్రాల్లో ఎక్కువ ఉంది). అంటే మనం తగ్గించేది నిజంగా వాళ్ల జీతంలోంచే. అందుకని పొదుపు చేయాలంటే ఐటెం తగ్గించుకోండి, టిప్పులో వద్దు. మెనూలో రేటు మీద టాక్స్ కూడా వేరే పడుతుంది కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే రెండూ కలిపి లెక్కేసుకోండి. గుంపుగా వెళ్తే చాలాచోట్ల టిప్పు బిల్లులోనే కలిపేస్తారు, చూడకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. కౌంటర్ దగ్గర కాఫీ తీసుకుంటే స్క్రీన్ మీద టిప్పు అడిగినా అది మీ ఇష్టం. జపాన్‌లో అసలు ఇవ్వొద్దు, మర్చిపోయారనుకుని వెనకాలే వచ్చి తిరిగిచ్చేవాళ్లూ ఉంటారు.

యూరప్‌లో తిన్నాక ఎంతసేపు కూర్చున్నా బిల్లు రాకపోతే పట్టించుకోవట్లేదని కోపం తెచ్చుకోకండి. అడగందే బిల్లు తెస్తే పొమ్మన్నట్టుంటుందని వాళ్లు తేరు, మీరే అడగాలి.

శాకాహారులకు, శనివారం నీచు ముట్టనివాళ్లకు ఇది ముఖ్యం. వెజ్ అని చెప్పేసి ఊరుకుంటే చాలదు. జపాన్‌లో మిసో సూప్‌లో (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారు) ముక్క కనిపించకపోవచ్చు గానీ ఆ నీళ్లు మామూలుగా ఎండు చేపతో కాచినవే, థాయ్ కూరల్లో, వేపుళ్లలో ఉప్పు కోసం చేప సాస్ పోస్తారు. అందుకని మాంసం, చేప, రొయ్య, చేప సాస్, గుడ్డు, వీటిలో మీరు తిననివన్నీ పేరుపేరునా ఆ దేశం భాషలో రాయించి ఫోన్‌లో ఫోటోగా పెట్టుకోండి, ఆర్డర్ ఇచ్చే ముందే చూపించండి. పెద్దవాళ్లను ఒంటరిగా పంపుతుంటే అదే కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టండి, అక్కడ ఫోన్ చార్జింగ్ అయిపోతే చెప్పడానికి భాష ఉండదు.