స్టవ్ వెలుగుతుంది, ఫర్నేస్ వెలగదు: ఆర్వీలో గ్యాస్ తిప్పలు

అమెరికాలో ఆర్వీ (వంటగది, పడకలు, గదిని వెచ్చబెట్టే ఫర్నేస్ అనే గ్యాస్ హీటర్ ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని బయల్దేరిన మనవాళ్ళ నుంచి చలికాలంలో నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే మాట: "బండ నిండా గ్యాస్ ఉంది, ఫర్నేస్ మాత్రం చల్లగాలి కొడుతోంది." నేను అడిగేదీ ఒకటే. స్టవ్ వెలిగించి చూశారా? చూసి ఉండరు. ఫర్నేస్ మూత విప్పి ఉంటారు, దాన్ని నడిపే కొత్త సర్క్యూట్ బోర్డు ధర కనుక్కుని ఉంటారు, బర్నర్ వెలిగించడానికి మాత్రం బద్ధకం.

గ్యాస్ వాసన వస్తుంటే ఇవేవీ వద్దు. స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, సిలిండర్ వాల్వ్ కట్టేసి, మెకానిక్‌ని పిలవండి.

ముందు ఈ పరీక్ష

కిటికీ కాస్త తెరిచి, రెండు బర్నర్లు పెద్ద మంట మీద పెట్టండి. థర్మోస్టాట్ (ఎంత వేడి కావాలో పెట్టే మీట) పెంచండి. ఫ్యాన్ తిరగడం మొదలైన కాసేపటికి ఫర్నేస్ గ్యాస్ లాగుతుంది. అప్పుడు కూడా స్టవ్ మంట నీలంగా, నిలకడగా ఉంటే గ్యాస్ బాగానే వస్తోంది, లోపం ఫర్నేస్‌ది. మంట నీరసపడి బర్నర్‌కి అతుక్కుపోయినట్టు అయితే గ్యాస్ చాలట్లేదు.

మంట నీరసపడితే

నన్ను ఏడిపించిన దొంగ కారణం ఇదే. గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు అంచు (సౌత్ రిమ్), దాదాపు 7,000 అడుగుల ఎత్తు, నవంబరు రాత్రి. ఫర్నేస్ మూడుసార్లు టకటకమని ప్రయత్నించి ఊరుకుంది. గ్యాస్ మీద నడుస్తున్న ఫ్రిజ్ చల్లగానే ఉంది కాబట్టి గ్యాస్‌ని అనుమానించలేదు. తెల్లవారి టీ నీళ్ళు ఇరవై నిమిషాలైనా మరగకపోతే ఎత్తు వల్లేమో అనుకున్నాను. నిజానికి ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరగాలి! రెండో బండకి మార్చాను, వాల్వ్ గిర్రున తిప్పాను. అదే కథ.

తప్పు ఆ గిర్రున తిప్పడంలోనే ఉంది. మన ఇళ్ళలో 14.2 కిలోల బండకి రెగ్యులేటర్ నాబ్ ఒక్కసారి తిప్పితే పని అయిపోతుంది. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆర్వీ సిలిండర్‌కి బిగించే పెద్ద ప్లాస్టిక్ నట్ లోపల ఒక భద్రతా ఏర్పాటు ఉంటుంది. పైపు తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎగజిమ్మితే అది దారి మూసేసి, సన్నని ధార మాత్రమే వదులుతుంది. ఖాళీ పైపులోకి వాల్వ్ ఒక్కసారిగా తెరిచినా, ఏదో ఒక బర్నర్ నాబ్ తెరిచి మరిచిపోయినా, అది పైపు తెగిందనే అనుకుంటుంది. ఫ్రిజ్‌కి గంటకు సుమారు 1,500 బీటీయూలు (వేడిని కొలిచే లెక్క) చాలు, ఆ సన్నని ధారతో హాయిగా నడుస్తుంది. ఫర్నేస్‌కి 30,000 దాకా కావాలి. అందుకే ఫ్రిజ్ సాక్ష్యాన్ని నమ్మకూడదు.

చేయాల్సింది: ఫ్రిజ్, గీజర్‌తో సహా గ్యాస్ వాడేవన్నీ ఆపండి. సిలిండర్ వాల్వ్ కట్టేసి, నట్ విప్పి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ బిగించండి. ఇప్పుడు వాల్వ్‌ని రెండు వేళ్ళతో పావు చుట్టు తిప్పి, పైపు నిండేదాకా ఓ నిమిషం ఆగండి. తర్వాత నెమ్మదిగా పూర్తిగా తెరిచి, మొదట స్టవ్ వెలిగించండి. పైపులో గాలి పోయేదాకా అది కాసేపు సతాయిస్తుంది. మంట నిలబడ్డాక మిగతావి. ఇంత చేసినా మళ్ళీ మళ్ళీ మూసుకుపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. సబ్బు నురుగు రాసి కీళ్ళన్నీ చూడండి.

మరో మాట. గ్యాస్ అయిపోతోందని ఇంట్లో బండని వంచే అలవాటు చాలామందికి ఉంది. ఇక్కడ సిలిండర్ ఎప్పుడూ నిలబడే ఉండాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి పోతుంది.

మంట బాగుంది, ఫర్నేస్ మాత్రం వెలగదు

ఫ్యాన్ శబ్దం వినండి. నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ పడిపోయింది. గాలి వేగానికి కదిలే ఒక చిన్న రేకు స్విచ్ లోపల ఉంటుంది. గాలి చాలకపోతే అది కలవదు, అది కలవనిదే గ్యాస్ తెరుచుకోదు. కరెంటు కనెక్షన్‌కి తగిలించండి, లేదా జనరేటర్ వేయండి. ఫ్యాన్ జోరుగా ఉన్నా వెలగకపోతే బయటి గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయేమో చూడండి.

గీజర్ వెలిగినా నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయా? నీళ్ళు గీజర్‌లోకి పోకుండా మళ్ళించే బైపాస్ వాల్వ్‌ని చలికాలం ముందు తిప్పి అలాగే వదిలేసి ఉంటారు. ఫ్రిజ్ చల్లబడకపోతే బండి సమంగా నిలబడిందో లేదో చూడండి, తర్వాత కొన్ని గంటలు ఓపిక పట్టండి.

రెగ్యులేటర్ పాడవడం, బోర్డు కాలిపోవడం ఉంటాయి, కానీ అరుదు. గ్యాస్ ప్రెషర్ 11 అంగుళాల నీటి మట్టం (తక్కువ ప్రెషర్‌ని కొలిచే లెక్క) దగ్గర ఉందో లేదో మెకానిక్ మీటర్ పెట్టి చెప్తాడు. రెగ్యులేటర్‌లో ప్రెషర్ సర్దే స్క్రూ మీరు తిప్పకండి.