బీపీ చూడటం మళ్లీ మొదటి నుంచి

గుండె జబ్బుల పరిశోధన కేంద్రంలో నర్సుగా 14 ఏళ్లయింది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారమంతా నేను బీపీ చూడటమే నేర్పిస్తాను. "అది మాకు వచ్చు మేడం" అంటారు. వచ్చనుకున్న చోటే తప్పులు దొర్లుతాయి.

మన గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో 2003-04లో జరిగిన చావుల గురించి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. వాళ్లు శ్రద్ధగా అడిగి, విన్నది విన్నట్టు రాశారు కాబట్టే ఆ సంగతి బయటపడింది. మీరు రాసే అంకె విలువా అంతే.

పొలం నుంచి నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకండి. ముందు అరగంటలో కాఫీ, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్లాలేమో అడగండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, 5 నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టండి. మంచం మీద వీపుకు ఆనుడు ఉండదు, అందుకే నేను జీపులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వెళ్తాను. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కింద సంచో దిండో పెట్టండి. బిగుతు జాకెట్టు చెయ్యి పైకి మడిస్తే అదే ఇంకో పట్టీలా నొక్కేస్తుంది. "పెద్దమ్మా, వదులు జాకెట్టు వేసుకొస్తావా?" అని అడిగితే ఎవరూ కాదనరు.

తర్వాత టేపుతో దండచేయి చుట్టుకొలత చూడండి. పట్టీ లోపలి గాలి సంచి అందులో 80 శాతం చుట్టి రావాలి. చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది.

మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఆగిన చోటుకు మరో 30 ఎక్కించి, స్టెతస్కోపుతో వింటూ మెల్లగా వదలండి. ముల్లు సెకనుకు 2 చొప్పునే దిగాలి. మొదటి 'టక్' పై బీపీ, చప్పుడు పూర్తిగా ఆగిన చోటు కింది బీపీ. ఈ చప్పుళ్లను 1905లో చెప్పింది కొరోట్కోవ్ అనే రష్యన్ డాక్టరు. నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు తీస్తాం.

చేరిన కొత్తలో మా సీనియర్ సిస్టర్ నా ఫారాలు ముందేసుకుని చివరి అంకెలు లెక్కపెట్టారు. అన్నీ 120, 130, 140, 80, 90. ముల్లు 126 దగ్గర ఉన్నా నా చెయ్యి 130 అని రాసేసింది. ఆ రోజు ఏడ్చాను. అప్పటి నుంచి ప్రతి శనివారం నా అంకెలు నేనే లెక్కపెట్టుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి. చివరి అంకెలుగా 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా వస్తుంటే మీరు నిజంగా చూస్తున్నట్టే.

రెండు జతల చెవి గొట్టాలున్న స్టెతస్కోపు ఒకటి ఉంది. ఒకే చేతిని ఇద్దరం వింటాం, ఎవరికి వాళ్లం చీటీ మీద రాసుకుంటాం. మన తేడా 4 లోపు నిలకడగా ఉన్నాకే మిమ్మల్ని ఊళ్లోకి పంపుతాను.

చూసిన అంకె ఆ మనిషికి చెప్పకుండా లేవకండి. 180/120 దాటి, ఛాతీలో నొప్పో ఆయాసమో ఉందంటే ఫారం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.